మూలలు పోయిన నట్టు

ఆ వీధిలో అతన్ని అందరూ పట్టకారు అంటారు. తుప్పు పట్టిన బోల్టు ఏదైనా కదలనని మొండికేస్తే దాన్ని అతని దగ్గరికే తెస్తారు. అతను రేకుల షెడ్డు ముందు చిన్న పీట వేసుకుని, ఆ ఇనప ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, కాస్త నూనె వేసి పక్కన పెట్టి, వేరే పని చూసుకుని, మళ్ళీ వచ్చి దాన్ని పలకరించి, ఇలా దాంతో కాపురం చేసి చేసి చివరికి ఊడదీస్తాడు. పట్టుకుంటే వదలడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అతను గొప్పగా చెప్పుకుంటాడు. "మనసులో ఏదైనా పెట్టుకున్నా అంతేగా, వదలవు" అంటుంది భార్య.

ఆవిడ మాటలో అబద్ధం లేదు. అతనికి కుళ్ళు ఎక్కువ. ఈ ముక్క మెత్తగా చెప్పే మార్గం నాకు కనపడటం లేదు. కొందరికి అసూయ జలుబులా వచ్చి పోతుంది, ఇతనికి అది ఒంటి రంగులా ఉండిపోయింది. ఎదురుగా ఉన్న టైర్ల కొట్టతను కొత్త బోర్డు పెట్టించుకుంటే ఇతనికి అన్నం సయించలేదు. టీ కొట్టు దగ్గర తన వెనక వచ్చినవాడికి ముందు గ్లాసు అందితే ఆ రోజంతా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. పోనీ ఎవరితోనైనా దెబ్బలాడతాడా అంటే అదీ లేదు. నోరు విప్పి ఒక్క మాట అనడు. లోపల్లోపలే ఉడికిపోతాడు. పైకి అనేసి ఉంటే సగం చల్లారేది.

షెడ్డు మామగారిది. మామ కాకముందు ఆయన ఇతనికి మేస్త్రి. మీసం మొలవని వయసులో ఆ గడప తొక్కాడు, ఆయన చేతి మొట్టికాయలు తిని పని నేర్చాడు, ఆయన పెద్దకూతుర్ని చేసుకున్నాడు, షెడ్డు వెనక ఉన్న గదుల్లోనే సంసారం పెట్టాడు. ఆయన నేర్పినవాటిల్లో ఒక పద్ధతి ఉంది. తుప్పు పట్టినదాన్ని విప్పాలంటే ముందు బిగించాలి. నేరుగా విప్పే వైపు లాగితే తుప్పు ఎదురు తిరుగుతుంది. కాబట్టి ముందు కుడివైపు, బిగించే వైపు, వెంట్రుకవాసి నెట్టాలి. లోపల తుప్పు పొర చిట్లుతుంది. అప్పుడు ఎడమకి తిప్పాలి. వీధిలో మిగతా మెకానిక్కులు దీన్ని ముసలాయన చాదస్తం కింద కొట్టిపారేస్తారు. పట్టకారుకి మాత్రం అది చేతిలో ఇంకిపోయింది. ఇంట్లో మంచినీళ్ళ సీసా మూత తీసినా ముందు బిగించే తీస్తాడు. "సీసాకి కూడా తుప్పు పట్టిందా?" అని భార్య వేళాకోళం చేస్తుంది.

అంతా బాగానే జరిగిపోయేది, చిన్నల్లుడు దిగకపోతే.

చిన్నల్లుడంటే పట్టకారు మరదలి మొగుడు. ఎక్కడో పెద్ద కార్ల షోరూములో పనిచేసేవాడు. ఆ షోరూము మూతపడింది. ఇంకో పని దొరికేదాకా అని భార్యను వెంటబెట్టుకుని వచ్చి మూలగదిలో దిగాడు. వీధి వాళ్ళు వెంటనే అతనికి షోరూము అని పేరు తగిలించేశారు. నవ్వు ముఖం మనిషి. పని మొదలుపెట్టేముందూ, అయ్యాకా సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. బండి తెచ్చినవాళ్ళని బండి సంగతి అడిగేముందు ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతాడు. కొద్ది రోజుల్లోనే జనం షెడ్డు ముందు బండి ఆపి, "చిన్నాయన లేడా?" అనడం మొదలుపెట్టారు. పట్టకారు అక్కడే, వాళ్ళ కళ్ళెదుటే, పీట మీద కూర్చుని ఉండేవాడు.

దానికి తోడు గ్లాసు గొడవ ఒకటి. ఇంట్లో పిడి ఉన్న గాజు గ్లాసు ఒక్కటే ఉంది. ఇన్నేళ్ళూ అందులో టీ తాగింది ఇతను. ఇప్పుడది చిన్నల్లుడి చేతికి వెళ్తోంది.

"అది నా గ్లాసు కదా" అన్నాడు ఒకరోజు, వంటగది గుమ్మంలో నిలబడి, ఏదో మాటవరసకి అన్నట్టు.

"మరిదికి స్టీలు గ్లాసు పట్టుకోవడం అలవాటు లేదు. చెయ్యి కాలుతోందట" అంది భార్య.

నా చెయ్యి కాలదా అని అడగబోయి మింగేశాడు. ఇనుము కాల్చి కాల్చి ఆ చేతులకి వేడి తెలియడం మానేసి చాలా కాలమైంది. అది ఆవిడకి తెలుసు. తెలిసి అన్న మాట కాబట్టి ఇంకా మండింది.

అన్నిటికంటే ఎక్కువగా పొడిచేది మామగారి పిలుపు. పెద్దల్లుణ్ణి ఆయన పెళ్ళికి ముందు ఎలా పిలిచేవాడో తర్వాతా అలాగే పిలిచాడు. "ఒరే, ఆ సుత్తి ఇటివ్వు." "ఒరే, బువ్వ తిన్నావా?" చిన్నల్లుడితో మాత్రం మొదటిరోజు నుంచీ అల్లుడుగారూ, మీరు, రండి, కూర్చోండి. ఆ "గారు" చెవిన పడ్డప్పుడల్లా పట్టకారుకి ఒంటిమీద ఎవరో ఆకురాయి పెట్టి గీసినట్టుండేది. ఈ సంగతి ఒక్కటి మాత్రం దాచుకోలేక భార్య దగ్గర కక్కేశాడు.

"నిన్ను పెంచాడు కాబట్టి ఒరే అంటాడు. ఆయన్ని పెంచలేదు కాబట్టి గారు అంటాడు. ఇందులో ఏడవడానికేముంది?" అంది ఆవిడ.

"నాకు తెలీదా ఏంటి" అన్నాడు. తెలిసినంత మాత్రాన మంట ఆరుతుందా.

మామకి చూపు మందగించింది. మనుషుల్ని గొంతును బట్టి, ఇనుమును వేలితో తడిమి గుర్తుపడుతున్నాడు. ఇక షెడ్డు ఎవరో ఒకరి చేతిలో పెట్టక తప్పదు. ఒకరోజు భోజనాల దగ్గర కంచంలో చెయ్యి ఆపి ఆ మాటే ఎత్తాడు.

"నా వ్యాను రోడ్డెక్కాలి. అది రోడ్డెక్కిన రోజు షెడ్డు ఎవరిదో చెప్తాను."

ఆ వ్యాను షెడ్డు పక్కన టార్పాలిను కప్పుకుని ఏళ్ళ తరబడి నిలబడి ఉంది. ఆయన బతుకు మొదలైంది దాంతోనే. ఇంజను బాగానే ఉంది, వెనక చక్రం బ్రేకు మాత్రం కారిపోతోంది. చక్రం లోపల ఉండే సిలిండరు తీసి శుభ్రం చెయ్యాలి. ఆ సిలిండరు ఇప్పుడు ఎక్కడా దొరకదు, దాన్ని చేసిన కంపెనీయే దాన్ని మరిచిపోయింది. అది విరిగితే బండి ఇక ఇనుప సామాన్ల వాడి పాలే. ఇంతకాలం ఆ వ్యాను మీద మామ ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు, పట్టకారుతో సహా. ఇప్పుడు వేలితో నేల మీద కాసేపు రాసి, తల తిప్పి, చిన్నల్లుడి గొంతు వినపడ్డ వైపు అన్నాడు:

"అల్లుడుగారూ, ఆ వెనక బ్రేకు మీరొకసారి చూస్తారా?"

పట్టకారు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఇంకేముంది, షెడ్డు పోయిందనుకున్నాడు. ఎవరు బ్రేకు విప్పితే వాళ్ళదే షెడ్డు అని మామ అనలేదు. అనకపోయినా ఇతను విన్నాడు.

ఆ సాయంత్రమే చిన్నల్లుడు వ్యాను వెనక భాగాన్ని జాకీ మీద లేపి, చక్రం ఊడదీసి, లోపలివైపు తడిమి చూశాడు. బ్రేకు పైపు సిలిండరులోకి దిగేచోట ఒక నట్టు ఉంటుంది. దాన్ని విప్పితేనే సిలిండరు బయటికొస్తుంది. అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది.

"మూలలు చెక్కు చెదరలేదు మామయ్యా. నూనె పెట్టాను. రేపు భోజనాలయ్యాక విప్పుదాం" అన్నాడు.

మామ కూడా వంగి వేలితో చూసుకుని తల ఆడించాడు. పట్టకారు పీట మీద కూర్చుని, ఏమీ పట్టనట్టు, ఒక చెడిపోయిన హారను మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రి అతనికి కంటి మీద కునుకు పడితే ఒట్టు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ లోపల కంచాల ముందు కూర్చున్నారు. పట్టకారు ఆకలిగా లేదని బయటే ఉండిపోయాడు. పానాల డబ్బాలో చెయ్యి పెట్టి, కావలసిన సైజు పానా వదిలేసి, ఒక సైజు పెద్దదాన్ని, నోరు సాగిపోయినదాన్ని ఏరుకున్నాడు. వ్యాను వెనక గోనెసంచి మీద మోకాళ్ళూని, చెయ్యి లోపలికి పోనిచ్చి, పానాను నట్టు మీద పెట్టాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ముందు కుడికి ఒక నెట్టు, తర్వాత ఎడమకి ఒక లాగు. పానా జారింది. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. మూలలు ఒక్కొక్కటే నలిగి గుండ్రబడ్డాయి. సన్నటి ఇనప పొట్టు రాలి మణికట్టు మీద పడింది.

ఒక మంచి మెకానిక్కు చేతులారా ఒక నట్టును పాడుచెయ్యడం ఎంత నీచమో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా చెప్పొద్దూ, ప్రాణానికి హాయిగా ఉంది. ఇన్ని రోజుల మంట మీద ఎవరో కుండెడు నీళ్ళు కుమ్మరించినట్టయింది. పానా తుడిచి డబ్బాలో పెట్టి, చేతులు కడుక్కుని లోపలికెళ్ళి, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. "ఆకలి లేదన్నావుగా" అంది భార్య. "ఇప్పుడే వేసింది" అన్నాడు.

భోజనాలయ్యాక చిన్నల్లుడు సబ్బుతో చేతులు కడుక్కుని వ్యాను వెనక్కి వెళ్ళాడు. టైర్ల కొట్టతను తమాషా చూడ్డానికి రోడ్డు దాటి వచ్చాడు. ఆడవాళ్ళిద్దరూ వెనక గుమ్మంలో నిలబడ్డారు. మామ కుర్చీలో కూర్చుని చెవి అటే పెట్టాడు. పట్టకారు పీట మీంచి కదల్లేదు.

కాసేపటికి చిన్నల్లుడు లేచాడు. ఎవరి ముఖంలోకీ చూడకుండా గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, వాటికి ఏమీ అంటకపోయినా.

"ఏమైంది అల్లుడుగారూ?" అన్నాడు మామ.

"నా వల్ల పొరపాటయింది మామయ్యా. పొద్దున తొందరపడి ఒకసారి పట్టి చూశాను. పానా సరిపోలేదు, జారింది. మూలలు పోయాయి."

పట్టకారు తలెత్తాడు. చెవులు తనవేనా అనిపించింది. పొద్దున్నుంచి ఆ మనిషి మీంచి చూపు తిప్పనిది తనే కదా, వాడు వ్యాను ఛాయలకి కూడా వెళ్ళలేదు. టైర్ల కొట్టతను పకపకా నవ్వి, "షోరూములో నేర్పింది ఇదేనా?" అన్నాడు. ఈ మాట కోసమే కదా పట్టకారు కాచుకుని కూర్చున్నది. తీరా చెవిన పడితే పచ్చి వెలక్కాయ గొంతుకి అడ్డం పడ్డట్టుంది. తప్పు ఒప్పుకోవడంలో కూడా వాడే ముందున్నాడే, నేను చేసిన తప్పును కూడా వాడే కొట్టేశాడే అని ఒక వెర్రి కుళ్ళు పుట్టుకొచ్చింది. కుళ్ళుకి బుద్ధుంటే ఇంకేం కావాలి.

మామ కుర్చీలోంచి లేచి, వ్యాను అంచు పట్టుకుని గోనెసంచి మీద కూర్చుని, చెయ్యి లోపలికి పోనిచ్చాడు. వేలు నట్టు చుట్టూ తిరిగింది. ఒక మూల, ఇంకో మూల. మళ్ళీ మొదటికొచ్చి, ఈసారి మూలకి రెండో పక్క తడిమి, అక్కడ ఆగిపోయింది.

ఆ వేలు ఎందుకాగిందో పట్టకారుకి ఉన్నపళాన అర్థమైంది. విప్పబోయి జారిన పానా మూలను ఒక పక్కనే తింటుంది. ఈ నట్టు మూలలు రెండు పక్కలా పోయాయి. అంటే ప్రతిసారీ ముందు బిగించి, తర్వాత విప్పబోయిన చెయ్యి. అటువంటి చేతులు ఆ వీధిలో రెండే ఉన్నాయి. ఒకటి ఇప్పుడు నట్టు మీద ఉంది. పాడుచెయ్యడానికి పోయినవాడు కూడా గురువు నేర్పినట్టే పోయాడు.

మామ చెయ్యి వెనక్కి తీసుకుని, భుజం మీది తువ్వాలుతో నెమ్మదిగా తుడుచుకున్నాడు. ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మీరు తీయండి అల్లుడుగారూ" అన్నాడు.

చిన్నల్లుడు తననే అనుకుని ముందుకు అడుగేశాడు. కాని ముసలాయన ముఖం పీట వైపు తిరిగి ఉంది. పట్టకారు ఏళ్ళ తరబడి ఆశపడ్డ "గారు" అది. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

లేచి వెళ్ళాడు. ఇక పనిలో పడక తప్పలేదు. పైపును నట్టుకి దగ్గరగా కోసేశాడు, పైపు కొత్తది వేసుకోవచ్చు. సిలిండరును నట్టుతో సహా ఊడదీసి, లోపలి రబ్బరు ముక్కలు తీసి, బ్రేకు ఆయిలు ఒక్క చుక్క లేకుండా తుడిచి, బెంచి మీది వైసులో బిగించాడు. గుండ్రబడిన నట్టును పానా పట్టుకోదు. అందుకని ఆకురాయి తీసుకుని దాని రెండు చెంపలనూ ఎదురెదురుగా బల్లపరుపు అయ్యేదాకా రాశాడు. ఎక్కువ రాస్తే నట్టు పలచబడి మెడ దగ్గర తెగుతుంది. తెగిన ముక్క లోపల ఉండిపోతే సిలిండరు కథ ముగిసినట్టే. రాస్తూ, ఆగుతూ, గోటితో చూసుకుంటూ మళ్ళీ రాశాడు.

గ్యాసు మంట పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. చిన్నల్లుడు ఎవరూ అడక్కుండానే వచ్చి పట్టుకున్నాడు. మంట సిలిండరు చుట్టూ నెమ్మదిగా తిరుగుతోంది. ఆ చెయ్యి వణకడం లేదు. తన చెయ్యి వణుకుతోంది, వాడి చెయ్యి వణకడం లేదేమని ఆ సిగ్గులోనూ పట్టకారు కుళ్ళుకున్నాడు.

"నువ్వు పట్టలేదు దాన్ని" అన్నాడు తల ఎత్తకుండా, ఇద్దరికే వినపడేట్టు.

"లేదన్నయ్యా."

"మరెందుకు చెప్పావు?"

"మా వదిన అక్కడే నిలబడి ఉంది."

చిన్నల్లుడు మంట తీసేశాడు. పట్టకారు కొవ్వొత్తి ముక్క తీసుకుని వేడి నట్టు మొదట్లో ఆనించాడు. మైనం కరిగి మరల్లోకి పాకింది. కాసేపు ఆరనిచ్చి, చిన్న పానాను సుత్తితో తట్టి ఆ రెండు చెంపల మీద ఎక్కించాడు. కుడికి, వెంట్రుకవాసి. ఏమీ లేదు. మళ్ళీ వేడి, మళ్ళీ మైనం. మళ్ళీ కుడికి. ఎక్కడో లోపల చిన్నగా టిక్కుమంది. మామ కుర్చీలోంచి తల ఎత్తాడు. ఎడమకి తిప్పితే నట్టు కదిలింది, ముందు అయిష్టంగా, తర్వాత మామూలుగా తిరుగుతూ బయటికొచ్చేసింది. మామ సిలిండరు అందుకుని లోపలి మరలను గోటితో తడిమి, "బాగుంది" అన్నాడు. పనిని అన్నాడు, మనిషిని కాదు.

సాయంత్రానికల్లా వీధంతా పాకిపోయింది, షోరూము పాడుచేస్తే పట్టకారు బాగుచేశాడని. టీ కొట్టతను అందరికంటే ముందు అతనికి గ్లాసు అందించి డబ్బు వద్దన్నాడు. టైర్ల కొట్టతను భుజం తట్టాడు. చిన్నల్లుడు పక్కనే నిలబడి, తన మీద వేసే జోకులకి తనే నవ్వాడు. పట్టకారు గ్లాసు సగంలోనే దించేశాడు. గదిలో భార్య పిడి గ్లాసు కడిగి అతని ముందు పెట్టి, "ఇంత పనితనం పెట్టుకుని ఆ ఏడుపెందుకు నీకు?" అంది ముచ్చటగా. ఆవిడకి చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆవిడ కళ్ళల్లో మెరుపు చూసి మూసుకున్నాడు.

మర్నాడు కొత్త పైపు వేసి, బ్రేకు ఆయిలు పోసి, పైపుల్లో చేరిన గాలి తీసి, వ్యాను రోడ్డెక్కించారు. మామ ముందు సీట్లో కూర్చుని, పెద్దల్లుణ్ణి నడపమన్నాడు. ఇంకెవర్నీ ఎక్కించుకోలేదు. కొట్లు దాటి, గోదాముల పక్కగా ఖాళీ రోడ్డు మీదికి వచ్చాక నోరు విప్పాడు.

"షెడ్డు నువ్వు చూసుకో" అన్నాడు.

పట్టకారు బండి వేగం తగ్గించాడు.

"మొదట్నుంచీ నీకే అనుకున్నాను. ఇంకెవరికి అనుకుంటాను? చిన్నవాడికి బస్సుల డిపోలో పని దొరికింది, ఈ వారంలోనే వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేముందు మీకేదైనా పని చేసిపెడతాను మామయ్యా అని వెంటపడ్డాడు. నువ్వా షెడ్డు పనితో సతమతమవుతున్నావు. సరే, ఆ బ్రేకు చూడమన్నాను. అంతకంటే ఏమీ లేదు అందులో."

వ్యాను ఒక గతుకులో పడి లేచింది. మామ కుదుట పడేదాకా ఆగాడు.

"నిన్న నట్టు మీద వేలు పెట్టాక మనసు విరిగిపోయింది. సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టుకుని, షెడ్డు మీరే తీసుకోండి, డిపో మానెయ్యండి అన్నాను. ఒకసారి కాదు, బతిమాలాను. వద్దన్నాడు. అన్నయ్య ఆ షెడ్డు లేకుండా బతకలేడు మామయ్యా, ఆయనకే ఇవ్వండి, ఈ నట్టు సంగతి ఇంట్లో ఎవరితోనూ అనకండి అని నా చేత మాట తీసుకున్నాడు." ముసలాయన చూపు సరిగా ఆనని కళ్ళతో రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "అందుకని నేనిచ్చాననుకోకు. నేనివ్వాలనుకున్నది నిన్న మధ్యాహ్నం నువ్వే పోగొట్టుకున్నావు. ఇప్పుడు నీ చేతికొచ్చింది వాడిచ్చింది."

పట్టకారు బండిని ఇంటి దారి పట్టించాడు. ఎవరి చేతికి పోతుందోనని ఇన్నాళ్ళూ కుమిలిపోయాడో ఆ చేతి మీదుగానే వచ్చింది షెడ్డు. ఇక పొద్దున లేచి తలుపు తీసినప్పుడల్లా వాడే గుర్తొస్తాడు. వాడు ఎదురుగా ఉన్నప్పుడు కుళ్ళుకోవడం తేలిక, వెళ్ళిపోయాక ఏం చెయ్యాలో తెలియదు.

వ్యాను వీధిలోకి తిరిగేసరికి చిన్నల్లుడు షెడ్డు ముందు సామానంతా పక్కకి జరిపి, నేల ఊడ్చి, దారి చేసి ఉంచాడు. బండిని వెనక్కి పెట్టాలి. పట్టకారు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. మరదలి మొగుడు వెనక నిలబడి, నవ్వు ముఖంతో, రెండు చేతులూ ఊపుతున్నాడు.

"రా అన్నయ్యా, రా. బోలెడు చోటుంది. ఇంకా రా."